ఒత్తుకు అక్కడ పాదమని పేరు

నోమ్ పెన్‌లో దిగిన మర్నాటి పొద్దున, నది గట్టునున్న చిన్న కొట్టు ముందు నిలబడి ఆయన మంచినీళ్లు అడిగాడు. రాత్రి కూర్చుని కంఠతా పట్టిన నాలుగు మాటల్లో అదొకటి. "తూక్" అన్నాడు. కొట్టావిడ ఓసారి ఎగాదిగా చూసి, నవ్వు ఆపుకుంటూ నది వైపు చెయ్యి చాపింది. అటు చూస్తే ఒడ్డున పడవలు. ఖ్మేర్ భాషలో తూక్ అంటే పడవ. నీళ్ల మాట వేరు. తెలుగులో రాయాల్సి వస్తే 'తుక్' అని రాసుకోవాలి గాని, అందులోని అచ్చు మన వర్ణమాలలో లేదు. 'ఇ' అనబోతున్నట్టు పెదాలు సాగదీసి, అలాగే ఉంచి 'ఉ' పలకాలి. ఆవిడ మూడుసార్లు పలికి చూపించింది. ఆయన మూడుసార్లూ తప్పాడు. నీళ్ల సీసా మాత్రం మొదటి తప్పుకే చేతికొచ్చింది.

విజయవాడలో ఒక దినపత్రికకు ముప్పయ్యేళ్లకు పైగా ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి ఆయన. ఒత్తు జారినా, దీర్ఘం ఎగిరిపోయినా అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెడతాడు. అలాంటివాడు కాంబోడియా వెళ్లడానికి కారణం మాత్రం అందరిదీ అయినదే. అంకోర్ వాట్ చూడాలి, సముద్రం దాటిన మన సంస్కృతి ఎలా ఉందో చూడాలి. ఆ 'మన' అన్న మాట పక్కన, మార్జిన్‌లో ప్రశ్నార్థకం పడటానికి పది రోజులు పట్టింది.

మొదట్లో అనుమానానికి తావే లేదు. ఊరంతా బోర్డులు, బోర్డుల నిండా చుట్టాల్లాంటి అక్షరాలు. తెలుగు లిపీ ఖ్మేర్ లిపీ రెండూ దక్షిణ బ్రాహ్మి సంతానమే. ఖ్మేర్‌ది పల్లవుల లిపి నుంచి దిగిన కొమ్మ. తేదీ వేసిన ఖ్మేర్ శాసనాల్లో మొదటిది, అంకోర్ బొరెయ్‌లో దొరికినది, క్రీ.శ. 611 నాటిది. హల్లు కింద హల్లు వేలాడటం చూసి ఆయన పొంగిపోయాడు. ఆ కింద వేలాడేదాన్ని ఏమంటారని టుక్‌టుక్ నడిపే కుర్రాడిని అడిగాడు. పాతికేళ్ల వాడు, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడతాడు, మొదటి గంటలోనే ఆయన్ని 'తా' అని పిలవడం మొదలుపెట్టాడు. తా అంటే తాత. మనం ఒత్తు అనేదాన్ని వాళ్లు 'జేంగ్' అంటారట. జేంగ్ అంటే పాదం. అక్షరం నెత్తిన ఉండే వంకీ పేరు 'సక్', అంటే జుట్టు. మనం తలకట్టు చుట్టి ఊరుకున్నాం, వీళ్లు అక్షరానికి జుట్టు దువ్వి కాళ్లు కూడా పెట్టారని ఆయన ఆ రాత్రి నోటు పుస్తకంలో రాసుకున్నాడు.

ఒక్కటే ఇబ్బంది. ఖ్మేర్ రాతలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. వాక్యంలో ఊపిరి తీసుకునే చోట మాత్రమే ఖాళీ వదులుతారు. ఆ దేశంలో ప్రూఫులు దిద్దేవాళ్ల కళ్లు ఏమైపోతాయోనని ఆయనకు నిజంగానే దిగులేసింది.

ఆ లిపికి తాళంచెవి మూడో రోజు దొరికింది. పలుకులో కొన్ని హల్లులు శతాబ్దాల కింద చోటు మార్చుకున్నాయి. రాతలో గ ఉంటే పలుకులో క. ద ఉంటే త, బ ఉంటే ప. పోనీ అన్నీ పరుషాలయ్యాయా అంటే అదీ కాదు, రాతలోని ప చాలాచోట్ల బ అయింది, త డ అయింది. గురువు 'క్రూ', బుద్ధుడు 'పుత్', నగరం 'నొకొర్'. పుణ్యం 'బోన్', పిండం 'బెన్'. దేవత అన్న ఒక్క మాటలో రెండు మార్పులూ జరిగి 'తేవొడా' అయింది. ఇది తెలిశాక వీధిలో నడవడం ఆయనకు గళ్ల నుడికట్టు నింపినట్టయింది. మూడు నదులు కలిసి నాలుగు పాయలుగా కనిపించే రాజభవనం ముందరి చోటును 'చక్తొముక్' అంటుంటే, ఒక్క క్షణం తడుముకుని "చతుర్ముఖం!" అని పైకే అరిచాడు. టుక్‌టుక్ కుర్రాడు బ్రేకు వేశాడు.

జాతీయ మ్యూజియంలో ఆయన ఎక్కువసేపు నిలబడింది విగ్రహాల ముందు కాదు, ఒక రాతిపలక ముందు. మెకాంగ్ నది ఒడ్డున సంబోర్‌లో దొరికిన శాసనం. శక సంవత్సరం 605, బహుళ పంచమి అని అందులో ఉంది. అంటే క్రీ.శ. 683. ఆరుకూ అయిదుకూ మధ్య ఒక చుక్క. అది సున్నా. ప్రపంచంలో తేదీతో సహా మిగిలిన సున్నాల్లో అతి పాతవాటిలో ఒకటి. ఫ్రెంచి పండితుడు జార్జ్ సెదెస్ 1931లో దీని సంగతి లోకానికి చెప్పాడు. ఖ్మేర్ రూజ్ పాలనలో ఆచూకీ తప్పిపోతే, 2013లో గణిత రచయిత ఆమిర్ ఆక్జెల్ వెతికి పట్టుకున్నాడు. శాలివాహన శకమూ తిథీ లేకుండా ఉగాది పంచాంగం మొదలవని ఇంట్లో పుట్టిన మనిషికి ఆ రాయి పరాయిదిగా ఎలా కనిపిస్తుంది?

బయటికొచ్చి కొబ్బరిబోండానికి డబ్బులిస్తుంటే ఇంకో ముచ్చట. వాళ్ల రీల్ నోట్ల మీద ఖ్మేర్ అంకెలున్నాయి. రెండు, మూడు చూస్తే మన ౨, ౩ తోబుట్టువులే. వాళ్లు ఆ అంకెలను రోజూ వాడతారు. మన అంకెలు అటకెక్కి ఎంతకాలమైందో ఆయనకు బాగా తెలుసు, కొత్తగా చేరిన సబ్ ఎడిటర్లకు ౭ ఏదో చూపించి చెప్పాల్సి వచ్చేది.

అయితే బోండాలావిడ చిల్లర లెక్కపెట్టడం వింటుంటే ఏదో అతకలేదు. ముయ్, పీ, బెయ్, బువన్, ప్రామ్. తర్వాత? ప్రామ్-ముయ్, ప్రామ్-పీ, ప్రామ్-బెయ్. అయిదూ ఒకటి, అయిదూ రెండు, అయిదూ మూడు. ఒక చెయ్యి అయిపోయాక రెండో చెయ్యి ఎత్తినట్టు. షట్, సప్త, అష్ట ఎక్కడా లేవు. అంకె ఓడెక్కి వచ్చింది, లెక్క మాత్రం ఇంట్లో వేళ్ల మీద పుట్టిందే. ఆయన దాన్ని అప్పటికి పక్కన పెట్టేశాడు.

ఆ రాత్రి కార్తీక పున్నమి. ఖ్మేర్ పంచాంగంలో ఆ నెల రాతలో 'కత్తిక', పలుకులో 'కదుక్'. చైత్రం చేత్, వైశాఖం పిసాక్, మాఘం మీక్. చాంద్రమానం సరే, ఇంగ్లీషు నెలలకు వాళ్లు రాశుల పేర్లు పెట్టుకున్నారు. జనవరి మకరం, ఫిబ్రవరి కుంభం, డిసెంబరు ధనుస్సు. జీతాలు మకరంలోనూ కుంభంలోనూ వచ్చే దేశం అన్నమాట.

ఆ పున్నమికి మూడు రోజుల పడవ పందేలు, 'బోన్ ఓమ్ తూక్'. బోన్ అంటే పుణ్యమే, పండగన్నా అదే మాట. పొడుగాటి పడవలు, ముక్కుకు రెండు పక్కలా రంగులతో వేసిన కళ్లు, ఒక్కో దాంట్లో డెబ్భై ఎనభై మంది. తెడ్లన్నీ ఒక్కసారి లేచి ఒక్కసారి పడుతుంటే గట్టు మీద జనం ఊగిపోయారు. ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చి చాపలు పరుచుకుని, పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకుని, కారియర్లు విప్పిన జనం. పుష్కరాల రేవులు చూసినవాడికి ఆ రద్దీ కొత్తేమీ కాదు. చీకటి పడ్డాక దీపాలతో అలంకరించిన పెద్ద పడవలు వరసగా సాగాయి. తర్వాత చంద్రుడికి దణ్ణం పెట్టే వేడుక. అరటిపళ్లు, కొబ్బరి, 'అంబోక్'. అంబోక్ అని ఆయన చేతిలో పోసినవి అటుకులు. కొత్త వడ్లు వేయించి, రోట్లో దంచి చేసినవి. చంద్రుణ్ణి చూస్తూ అరటిపండుతో కలిపి నోటినిండా కుక్కుకోవాలట, మాట పెగలకూడదట. పొద్దుట్నించీ కార్తీక ఉపవాసం ఉన్న ఆయనకు ఆ నియమం బాగా నచ్చింది.

ఈ పండగకు అసలు కారణం నీళ్లు. వానాకాలంలో మెకాంగ్ ఎంత పొంగుతుందంటే, టోన్లే సాప్ నది ఆ తాకిడికి వెనక్కి తిరిగి, దేశం మధ్యలోని పెద్ద సరస్సులోకి పారుతుంది. ఎండాకాలంలో సుమారు 2,500 చదరపు కిలోమీటర్లుండే ఆ సరస్సు 15,000 దాకా పరుచుకుంటుంది. మన కొల్లేరు అభయారణ్యం మొత్తం 308. వానలు వెనకబట్టాక నది మళ్లీ మనసు మార్చుకుని సముద్రం వైపు తిరుగుతుంది. పండగ ఆ మళ్లింపుకి.

నోమ్ పెన్ నుంచి ఉత్తరంగా, కొంపొంగ్ థోమ్ దారి. స్కూన్ అనే ఊళ్లో నూనెలో వేయించిన సాలెపురుగులు బేసిన్లలో కుప్పపోసి అమ్ముతారు. ఆయన చూశాడు, దణ్ణం పెట్టాడు, బండెక్కాడు. ఆ తర్వాత రోడ్డుకు రెండు వైపులా కోతకొచ్చిన వరి, చేల మధ్య తాటిచెట్లు. గుడివాడ దగ్గర బస్సులో పోతున్నట్టే ఉందని ఆయన అంటే, కుర్రాడు ఆ ఊరెక్కడుందని అడిగాడు.

తాటిచెట్టు కాంబోడియా జాతీయ వృక్షం. కుర్రాడి పల్లె అదే దారిలో, లోపలికి మట్టిరోడ్డు మీద ఉంది. అక్కడ ఆయన ఓ పూట ఉండిపోయాడు. మన గీతకార్మికుడు మోకు నడుముకు బిగించి, చెట్టును కావలించుకుంటూ ఎక్కుతాడు. అక్కడ చెట్టుకు ఓ పొడుగాటి వెదురు కట్టేసి, దాని కణుపుల దగ్గర వదిలిన కొమ్మ మొదళ్ల మీద అడుగులేస్తూ నిచ్చెనలా ఎక్కుతారు. లొట్టి బదులు వెదురు గొట్టాలు. కల్లు తీస్తారు గాని, ఎక్కువ భాగం పెద్ద మూకుడులో కాచి బెల్లం చేస్తారు. వేడి వేడి తాటిబెల్లం ఆకులో పెట్టి ఇస్తే ఆయన చిన్నప్పటి వాసన వచ్చిందన్నాడు. ఇంతకీ ఆ నీరాను వాళ్లేమంటారు? 'తుక్ త్నౌత్'. తాటి నీళ్లు. చేపల నుంచి దిగే రసం 'తుక్ త్రెయ్', చేప నీళ్లు. మంచుగడ్డ 'తుక్ కాక్', గడ్డకట్టిన నీళ్లు. ఏ ద్రవం తగిలినా ముందు తుక్ అని మొదలుపెట్టి తర్వాత వివరం చెబుతారు. మొదటి రోజు నోరు తిరగని మాటే ఎక్కడ చూసినా ఎదురవుతోంది.

కుర్రాడి అమ్మమ్మ ఆయన్ని చూడగానే అడిగిన ప్రశ్నకు తర్జుమా అక్కర్లేకపోయింది. అన్నం తిన్నావా అని. ఖ్మేర్ పల్లెలో కుశలప్రశ్న అదే. వడ్లకు 'స్రోవ్', బియ్యానికి 'అంకొ', అన్నానికి 'బాయ్'. ఇంగ్లీషులో ఒకే మాటతో సరిపెట్టే దానికి మూడు మాటలు, అచ్చం మనలాగే. ఇక్కడ ఆయన రెండోసారి ఆగాడు. ఈ మూడింట్లో ఒక్కటీ సంస్కృతం కాదు. మనవాటిలో అన్నం మాత్రం సంస్కృతం. పోలిక ఎక్కణ్ణుంచీ రాలేదు, వరి పండించేవాళ్లకు ఆ మూడూ వేర్వేరుగా కనిపిస్తాయంతే.

నేల మీద చాప పరిచి భోజనం పెట్టారు. చింతపండు వేసి కాచిన 'సమ్లో మచూ', చేపముక్కలతో. పులుసే. నిమ్మగడ్డి వాసన కొంచెం అడ్డం పడింది గాని, రెండో ముద్దకు సర్దుకుంది. 'ప్రహోక్' అనే ముగ్గబెట్టిన చేపల ముద్ద మాత్రం వాసనకే గుడివాడ దాటించింది. ఎండుచేపల సంతలో పెరిగినవాళ్లకు కష్టం కాదని సర్దిచెప్పుకుని ఆయన వేలితో నాకి చూశాడు. ఉప్పు, ఘాటు, ఆ వెనకాల ఓ కమ్మదనం. ఆ దేశపు వంటకు మన ఇంగువ పోపు లాంటి ప్రాణం అది.

తినడం గురించే మాటలు నడిచాయి. తోటివాళ్లతో 'ఞాం', పెద్దవాళ్లను 'పిసా', సభలో తన గురించి చెప్పుకుంటే 'తొతూల్ తీన్'. ఇందులో తీన్ మన దానమే. భిక్షువు తింటే 'ఛాన్', రాజు తింటే 'సావోయ్', గొడ్డు తింటే 'సీ'. ఆయన బదులుగా తిను, భోంచేయి, ఆరగించు, మెక్కు, మేయు అని వరస చెబితే ముసలమ్మ విరగబడి నవ్వింది, ఒక్క ముక్కా అర్థం కాకపోయినా. పల్లెజనం వాడే ఇంకోటుంది, 'హోప్'. 1975 ఏప్రిల్ 17 నుంచి 1979 జనవరి 7 దాకా దేశాన్ని ఏలిన ఖ్మేర్ రూజ్ ఆ ఒక్కదాన్ని ఉంచి మిగతావి వాడొద్దంది. తాత, అక్క, అత్త అనే పిలుపుల బదులు అందరూ అందర్నీ 'మిత్' అనాలంది. మిత్ అంటే మిత్రుడు. ఆ నాలుగేళ్లలోపే 15 నుంచి 20 లక్షల మంది ఆకలితో, రోగంతో, చాకిరీతో, హత్యలతో పోయారు.

కుర్రాడు ఇదంతా ఇంగ్లీషులో చెబుతుంటే, మధ్యలో ఆ 'మిత్' అన్న మాట ఒక్కటే ముసలమ్మ చెవిన పడింది. ఆవిడ లేచి గిన్నెలు తీసుకుని వెళ్లిపోయింది.

మన దగ్గర్నుంచి వెళ్లిన ఒక మంచి మాట అక్కడ ఏ పనికి వాడబడిందో తెలిశాక, ఆ పూట నోటు పుస్తకంలో కొత్త మాటలేవీ ఎక్కలేదు.

సాయంత్రం ఆవిడే వచ్చి 'ప్చుమ్ బెన్' గురించి చెప్పింది. భాద్రపద బహుళంలో పదిహేను రోజులు. తెల్లారకముందే గుడికి వెళ్లి, చుట్టూ తిరుగుతూ చీకట్లో అన్నం ముద్దలు విసురుతారు. పోయినవాళ్లు వెలుతురు చూడలేరు కాబట్టి చీకటుండగానే వెయ్యాలి. ఏడు గుళ్లలో వెతికినా తమవాళ్లు కనబడకపోతే పెద్దలు శపిస్తారని నమ్మకం. మన మహాలయ పక్షాలే, అవే తిథులు. మనం పేరూ గోత్రమూ చెప్పి తిలోదకాలిస్తాం. వాళ్లకు ఎవరు ఎక్కడ పోయారో తెలియని ఇళ్లు చాలా ఉన్నాయి. చీకట్లోకి విసరడం అక్కడ ఆచారం ఒక్కటే కాదనిపించింది.

మర్నాడు పక్కవీధిలో పెళ్లి. వానాకాలం వ్రతం ముగిసింది గనుక ముహూర్తాలు మొదలయ్యాయి. రోడ్డుకడ్డంగా షామియానా, ఊరు అదిరేలా మైకు. ఈ విషయంలో రెండు దేశాలకూ తేడా లేదు. పోకపూల గుత్తులు, ముంజేతికి ఎర్రదారాలు, జుట్టు కత్తిరించే తంతు. అన్నింటికన్నా ఆయన్ని కట్టేసింది ఒక దృశ్యం. పెళ్లికూతురు ముందు నడుస్తుంటే, ఆమె పైబట్ట చెంగు పట్టుకుని పెళ్లికొడుకు వెనక నడిచాడు. కొంగుముడి తిరగేసినట్టు.

దాని వెనక కథ ఉంది. ప్రేహ్ థోంగ్ అనే రాజకుమారుడు సముద్రం దాటి వచ్చి నాగరాజు కూతుర్ని ప్రేమించాడు. ఆమె లోకంలోకి వెళ్లడానికి ఆమె చెంగే పట్టుకున్నాడు. మామగారైన నాగరాజు ఆ ప్రాంతాన్ని కప్పేసిన నీళ్లన్నీ తాగేసి, బయటపడిన నేలను ఆ దంపతులకిచ్చాడు. పాత చైనా రాతల్లో ఈ కథ కౌండిన్యుడనే భారతీయుడి పేరుతో ఉంది. అంటే పెళ్లికొడుకు మనవాడే. కాని వెనక నడిచింది అతడు, కాపురానికి వెళ్లింది అతడు. ఖ్మేర్ పల్లెల్లో ఇప్పటికీ అల్లుడు అత్తింటికి రావడమే రివాజు. ఇల్లరికం అక్కడ ఎగతాళి మాట కాదు. దాదాపు రెండు వారాల కిందట నాగులచవితికి పుట్టలో పాలు పోసి వచ్చిన ఆయన, ఈ కథలో పాముకు పాలు పోయడం లేదని, పాము కూతుర్నీ దేశాన్నీ ఇచ్చిందని గమనించాడు. మన చరిత్ర పుస్తకాలు కౌండిన్యుడి దగ్గరే ఆగిపోయి, అత్తవారి ఊసెత్తవు.

సంబోర్ ప్రేయ్ కూక్‌లో అడవి మధ్య ఏడో శతాబ్దపు ఇటుక గుళ్లు, ఎనిమిది మూలలవి, వేళ్లు చుట్టుకున్నవి. ఈశానపురం అని పాత పేరు. అక్కడ గంటసేపు. ఆవులు మేస్తున్నాయి, మనుషులు లేరు.

అంకోర్ వాట్ గురించి ఆయన ఎక్కువ చెప్పడు. 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మ విష్ణువుకు కట్టించాడు, తర్వాత బౌద్ధుల చేతుల్లోకి వెళ్లి ఇప్పటికీ పూజలందుకుంటోంది, చుట్టూ ఉన్న కందకమే కృష్ణ కాలువల్ని మింగేసేటంత. ఇవి ఎవరైనా చెబుతారు. తూర్పు వసారాలో దాదాపు 49 మీటర్ల పొడవున పాలసముద్రం చిలుకుతున్నారు. ఆయన దేవతల్ని వదిలి, కవ్వం కింద ముక్కలై ఎగిరిపోతున్న చేపల్నీ మొసళ్లనూ చూస్తూ ఉండిపోయాడు. పురాణం సంస్కృతం నుంచి వచ్చింది. ఆ చేపలు టోన్లే సాప్‌వి. శిల్పి ఇంటిదగ్గర రోజూ చూసినవే చెక్కి ఉంటాడు.

అంకోర్ పక్కనున్న సియమ్ రీప్‌లో ఒక రాత్రి 'స్బెక్ థోమ్' ఆట. స్బెక్ అంటే తోలు, థోమ్ అంటే పెద్ద. యునెస్కో 2005లో గుర్తించిన కళ. మన నిమ్మలకుంట తోలుబొమ్మల్లా కీళ్లు కదలవు, రంగులు మెరవవు. ఒక్కో బొమ్మ ఒక తోలు పలక, పెద్దవి మనిషి ఎత్తు దాటతాయి. ఆడించేవాళ్లు తెర వెనకే కాదు, ముందుకూ వచ్చి బొమ్మను నెత్తిన ఎత్తి నాట్యం చేస్తారు. కథ 'రీమ్‌కే', వాళ్ల రామాయణం. వారధి కడుతుంటే రాళ్లు మాయమవుతాయి. సువర్ణమచ్ఛ అనే మత్స్యకన్య, రావణుడి కూతురు, వాటిని ఎత్తుకుపోతోంది. పట్టుకోవడానికి నీట మునిగిన హనుమంతుడు ఆమెతో ప్రేమలో పడతాడు. కొడుకు కూడా పుడతాడు. బ్రహ్మచారి హనుమంతుడికి పెళ్లి కుదరక, మన మైరావణ కథలో చెమటచుక్క చేప మింగితే మత్స్యవల్లభుడు పుట్టాడన్నారు. వాళ్లు అంత తిప్పలు పడలేదు.

మర్నాడు ఒక చిన్న గుడి వసారాలో, ఇంగ్లీషు తెలిసిన ఓ నడివయసు భిక్షువుతో మాటలు కలిశాయి. ఆయన తన నోటు పుస్తకం తెరిచి, దేవత-తేవొడా, పుణ్యం-బోన్ జాబితా గర్వంగా చూపించాడు. మీ భాష మా భాషకు చుట్టం అన్నాడు. భిక్షువు మర్యాదగా అంతా విన్నాడు. ఖ్మేర్ భాషకు మహానిఘంటువు రాసింది కూడా ఒక భిక్షువే, చువన్ నాథ్. మొదటి సంపుటం 1938లో వచ్చింది. ఫ్రెంచి అధికారులు 1943లో రోమన్ లిపి రుద్దబోతే ఎదురు నిలిచినవాళ్లలో ఆయనొకడు. అది చెప్పాక భిక్షువు, ఇవన్నీ గుడికి కట్టుకొచ్చే బట్టలు, ఇంట్లో మాటలు చూడండి అన్నాడు. చెయ్యి, నీళ్లు, పులి, ఒకటి రెండు మూడు. వీటి చుట్టాలు మీ దేశంలోనే ఉన్నారు, మీకు తెలియదా? సంతాలీలో మూడు 'పే', నాలుగు 'పోన్'. ఖ్మేర్‌లో బెయ్, బువన్. మీరు పట్టుకున్న ప-బ తారుమారే ఇక్కడా జరిగింది. పులిని మేం 'ఖ్లా' అంటాం, ముండారీలో 'కులా'.

ఈ చుట్టరికానికి పేరు ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబం, ఆయన ఎక్కడో ప్రూఫుల్లో దిద్దిన మాటే. అక్షరదోషం లేకుండా అచ్చుకు పంపాడు, అంతే.

చివరి రెండు రోజులూ టోన్లే సాప్ సరస్సు మీద. ఇళ్లన్నీ పొడుగాటి కర్రల మీద నిలబడి ఉంటాయి. నీళ్లు నిండుగా ఉన్నాయి గనుక గుమ్మం ముందే పడవ కట్టేస్తారు, ఎండల్లో అదే గుమ్మానికి నిలువెత్తు నిచ్చెన వెయ్యాలి. తొట్లలో తులసి లాంటి మొక్కలు, తెప్ప మీద పందులు, తెడ్డు వేసుకుంటూ బడికి పోతున్న ఏడేళ్ల పిల్ల. బుడమేరు వాగు పేరు వింటే ఉలిక్కిపడే ఊరివాడికి, వరద కోసం ఎదురుచూసే ఊళ్లుంటాయన్నది నమ్మడానికి కొంత సమయం పట్టింది. నీట మునిగిన అడవిలోకి వెళ్లి చేపలు గుడ్లు పెడతాయి. నీరు రాని ఏడు ఆ ఊళ్లకు కరువు. దేశపు నేలకు ఖ్మేర్‌లో వాడే మాట 'తుక్-డెయ్' అని అక్కడే విన్నాడు. తుక్ నీళ్లు, డెయ్ నేల. మాటలో నీళ్లే ముందు.

ఆ మాటను అక్షరాల్లో రాసివ్వమని పడవ నడిపే అతన్ని అడిగాడు. తుక్ అని పలికేదాన్ని అతను ద-తో రాశాడు.

తిరిగొచ్చాక ఆయన మొదట వెతికిన పుస్తకం అంకోర్ మీద కాదు. ఆగస్టు 29న దండ వేసి, వాడుకభాష కోసం పోరాడాడని నాలుగు మాటలు చెప్పి వదిలేసే గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో ఉండగా సవరల భాష నేర్చుకుని, 1931లో దానికి ఇంగ్లీషులో ఒక మాన్యువల్, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేయించాడు. నోమ్ పెన్‌లో చువన్ నాథ్ మొదటి సంపుటం వచ్చిన ఏడే అది. ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశం లేదు. ఇద్దరూ ఒకే కుటుంబపు రెండు చివరల నుంచి మాటలు ఏరుతున్నారు. ఖ్మేర్‌కు తెలుగునాట రక్తబంధువు ఎవరంటే, శాసనాలూ గుళ్లూ ఉన్న మనం కాదు, శ్రీకాకుళం మన్యం కొండల్లోని సవరలు, అరకు వైపు గుతోబ్ మాట్లాడే గదబలు. గదబలూ సవరలూ అన్న రెండు మాటలను ఆయన ఉద్యోగం మొత్తంలో జిల్లా పేజీలోనే దిద్దాడు, ఎక్కువగా డోలీల వార్తల్లో, జ్వరాల వార్తల్లో.

జనవరిలో పాలకొండ దగ్గర ఒక పెళ్లికి వెళ్లినప్పుడు, మర్నాడు ఆయన సీతంపేట సంతకు బస్సెక్కాడు. కందులు, పసుపు కొమ్ములు, కొండచీపుర్లు. కొండ మీద నుంచి దిగిన ఒక సవర ఆవిడ దగ్గర కేజీ పసుపు కొని, ఎలా అడగాలో తెలియక కాసేపు అక్కడే నిలబడ్డాడు. చివరికి, మీ భాషలో నీళ్లనేమంటారని అడిగాడు.

"డా" అంది ఆవిడ. చివర గొంతులో సన్నగా తెగినట్టు ఓ విరుపు.

ఆయన పలికి చూశాడు. ఆవిడ పక్కనున్న కూతురికేసి చూసి, నవ్వాపుకుంది.

"అలగ్గాదు బావూ" అని, నీళ్ల సీసా చేతికిచ్చి, మళ్లీ పలికింది.